నిమ్మతులసి గింజలు పంపిస్తున్నాను

అమ్మలూ,

మొన్న ఫోన్లో "నా చెయ్యి మంచిది కాదు నాన్నా, నిమ్మతులసి కూడా చచ్చిపోయింది" అన్నావు. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. తప్పు నీ చేతిది కాదు తల్లీ. పూత తుంచకుండా వదిలేశావు, అంతే. అది ఒక్క ఏడాదే బతికే మొక్క. మంచు కురిసే దేశాల్లో చలికి పోతుంది. మన దగ్గర ఆ భయం లేదు గానీ, వేడికి తొందరపడి కంకులు వేసేస్తుంది. గింజ పట్టాక కొత్త ఆకు తగ్గిపోతుంది, కాడ ముదిరి ఎండిపోతుంది.

ఈ ఉత్తరంతో పొట్లంలో గింజలు పెట్టాను. ఇక్కడ రాజమండ్రిలో మేం దసరా వెళ్ళాక చల్లుతాం. మీ చెన్నైలో అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి నువ్వు సంక్రాంతి దాకా ఆగు. సబ్జా గింజల్లాగే ఇవీ తడి తగలగానే చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. లోతుగా పూడ్చకు. మట్టి మీద చల్లి, అరచేత్తో అదిమి, పైన చిటికెడు ఇసుక జల్లు. చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయి, స్ప్రేతో తడుపు. వారం పదిరోజుల్లో మొలుస్తాయి.

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలుపుకో. యూరియా వద్దు, ఆకు ఏపుగా వస్తుంది గానీ వాసన పలచబడుతుంది. కుండీ కింద పళ్ళెం పెట్టకు. రెండేళ్ళ క్రితం శ్రావణంలో నేను పెట్టాను. వాన నీళ్ళు నిలిచి ఏడు మొక్కలు మొదలు నల్లబడి పోయాయి. ఆ రోజు నాకూ నీలాగే అనిపించింది.

అసలు పని గిల్లడం. మూడు జతల ఆకులు రాగానే, రెండో జతకు కాస్త పైన గోటితో గిల్లెయ్. ఆకు తొడిమకీ కాడకీ మధ్య సందులో ఆవగింజంత చిగురు ఉంటుంది, దగ్గరగా చూడు. తల తీసిన నాలుగైదు రోజులకు రెండు పక్కలా ఆ చిగుళ్ళే విచ్చుకుంటాయి. ఒక కొమ్మ రెండవుతుంది, మళ్ళీ గిల్లితే నాలుగు. కంకి ఇంకా పచ్చిమొగ్గగా ఉన్నప్పుడే తుంచెయ్, జాలిపడకు. ఊరెళ్ళే ముందు ఒకసారి గట్టిగా కత్తిరించి వెళ్ళు. సాయంత్రం పూట తులసి ముట్టకూడదంటుంది కదా అమ్మ, ఇది కోటలో తులసి కాదు, ఎప్పుడు కోసుకున్నా ఫర్వాలేదని తనే రాయమంది.

మేలో అగ్ని నక్షత్రం అని మీ తమిళులు చెప్పే మండుటెండల రోజుల్లో మీ పడమటి బాల్కనీ ఎండ దానికి పడదు. పొద్దుటి ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నానికి నీడకు జరుపు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఏడాది నిమ్మతులసి పక్కనే సబ్జా మొక్క ఉండగా గింజ దాచాను. తేనెటీగలు రెండిటి మీదా వాలతాయి కదా, మరుసటేడు మొలిచిన వాటిలో చాలావాటికి నిమ్మవాసనే లేదు. నీకు పంపినవి ఆ సబ్జా తీసేశాక కట్టిన గింజలు. నువ్వు మాత్రం కొమ్మతోనే కాపాడుకో. పూత లేని కొమ్మ నాలుగంగుళాలు, కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్ళలో పెట్టు. రోజూ నీళ్ళు మార్చు. వారం పదిరోజుల్లో తెల్లదారాల్లా వేళ్ళు దిగుతాయి. మూడు నాలుగు నెలలకోసారి ఇలా ఒక పిల్లమొక్క చేసుకుంటే, పాతది పోయినా బెంగ ఉండదు.

నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చే సిట్రాలే ఇందులోనూ ఉంటుంది. మరిగితే ఎగిరిపోతుంది, అందుకే చారు దింపాక వెయ్యి. మజ్జిగలో మనం నిమ్మాకు వేసుకున్నట్టే ఇది నాలుగాకులు నలిపి వేసుకో, నీకు బాగా నచ్చుతుంది.

మూడో జత ఆకులు కనబడగానే వీడియో కాల్ చెయ్యి. ఎక్కడ గిల్లాలో చూపిస్తాను.

ప్రేమతో,
నాన్న