ఇంకో గంట ముందు లేవమంటారు, సరే, పడుకునేదెప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

మీ పేపరనే కాదు, ఏ పేపర్లో ఆడవాళ్ల పేజీ తిప్పినా నాలుగు నెలలకోసారి ఒకటే సలహా కనిపిస్తుంది. పిల్లల తల్లులు తమకంటూ ఏదైనా సరదా ఉంచుకోవాలట, అందుకు ఇంట్లో అందరికంటే ఓ గంట ముందు లేవాలట. రాసినవాళ్లకి ఓ దణ్ణం. నేను ఇప్పటికే ఐదింటికి లేస్తున్నాను. రాత్రి గిన్నెలు సర్ది, పొద్దుటికి కూరలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టి, యూనిఫాంలు ఇస్త్రీ చేసి పడుకునేసరికి పదకొండు దాటుతుంది. ఇంకో గంట ముందంటే నాలుగింటికి. ఆ టైంలో అపార్ట్‌మెంట్‌లో వీణ వాయిస్తే పక్క ఫ్లాట్ వాళ్లు ఊరుకుంటారా?

అవును, నా సరదా వీణ. మాది బొబ్బిలి పక్కన. నేను ఏడో క్లాసులో ఉండగా మా నాన్న గొల్లపల్లిలో ఏకాండి వీణ చేయించి తెచ్చారు, ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు, మధ్యలో అతుకుండదు. పెళ్లయ్యాక బీరువాతో, మంచంతో పాటు అదీ లారీ ఎక్కి హైదరాబాద్ వచ్చింది. పెద్దది పుట్టాక అటకెక్కింది. తొమ్మిదేళ్లు అక్కడే, పాత దుప్పట్లో. కిందటి దసరాకి ఇల్లు దులుపుతూ దింపి చూస్తే తీగలు తుప్పు పట్టాయి, ఇన్ని ఎండాకాలాల వేడికి మైనం మెత్తబడి, తీగల కింద అందులో కూర్చిన 24 మెట్లలో సగం చోటు తప్పాయి. తీగలు మార్పించి, మళ్లీ మేళం కట్టించి, అంటే మెట్లన్నీ స్వరస్థానాల్లో కూర్పించి, తీరా కూర్చుంటే నా వేళ్లదీ అదే పరిస్థితి. ఒకప్పుడు ఎడమచేతి చూపుడువేలికి, మధ్యవేలికి కొసన కాయలు కాసి తీగ గాడి నల్లగా కనిపించేది. ఇప్పుడు మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలు రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వచ్చేసరికే వేళ్లు మంటెత్తాయి. గిన్నెలు తోమే చేతికి కాయలు లేవని కాదు, అవి వేరే చోట ఉన్నాయి.

సరే, టైం ఎక్కడ దొరికింది అంటే, దొరకలేదు. మా ఆయన దగ్గర తీసుకున్నాను.

ఆయన ఆదివారం పొద్దున్నే ఆరింటికి షటిల్‌కి వెళ్లి తొమ్మిదింటికి వస్తారు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. దాన్ని ఎవరూ సరదా అనరు, 'ఆరోగ్యం' అంటారు. వచ్చేసరికి ఇడ్లీ వేడిగా ఉంటుంది. నేనూ ఇన్నాళ్లూ అందులో తప్పేం చూడలేదు, ఆయన ఆడటం ఇప్పటికీ నాకు ఇష్టమే. కానీ ఆ మూడు గంటలు ఆయనకి ఎవరిస్తున్నారు అని ఒక ఆదివారం పిండి రుబ్బుతూ లెక్కేసుకున్నాను. గొడవ కొంచెం అయింది, దాచను. చివరికి మంగళ, గురు, శనివారాలు రాత్రి 8 నుంచి 8.40 వరకు పిల్లల భోజనం, హోంవర్క్, గిన్నెలు ఆయనవి. నేను గదిలో, గడియ వేసుకుని.

మొదటి నెల చూడాలి. సాంబారు ఫ్రిజ్‌లో పెట్టక పులిసిపోయింది, చిన్నాడి డైరీలో సంతకం లేక వాడు క్లాసులో నిలబడ్డాడు, 'అమ్మా, నాన్నకి నెయ్యి ఎక్కడుందో తెలీట్లేదు' అని తలుపు మీద దరువు. అత్తగారైతే 'ఈ వయసులో కచేరీలు ఇస్తావా తల్లీ' అన్నారు, మళ్లీ ఆవిడే ఇప్పుడు గడియకి అవతల కుర్చీ వేసుకుని వింటున్నారు. నాకు కష్టమైంది వీణ కాదు, లేచి వెళ్లి ఆ నెయ్యి సీసా తీసివ్వకుండా కూర్చోవడం. పెద్దది మాత్రం ఒక ప్రశ్న వేసింది, దానికి ఇంకా జవాబు చెప్పలేకపోతున్నాను: 'అమ్మా, నీకు ఎగ్జామ్ ఎప్పుడు?' లేదంటే నమ్మదు. అబాకస్‌కి లెవెల్స్, కరాటేకి బెల్టులు, కీబోర్డుకి గ్రేడ్లు, ఎగ్జామ్ లేకుండా ఎవరైనా ఏదైనా నేర్చుకుంటారని దానికి మేం ఎప్పుడూ చూపించలేదు కదా. ఆ క్లాసులన్నిటి బయటా స్కూటీ మీద కూర్చుని ఫోన్ చూస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపానో.

కేంద్ర ప్రభుత్వం వాళ్ల సమయ వినియోగ సర్వే ఒకటుంది. 2019లో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టేవారు. 2024లో ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. ఐదేళ్లకి మాకు తగ్గింది పది నిమిషాలు, అందులో వీణ శ్రుతి చేసుకోవడం కూడా పూర్తవదు. వాళ్లకీ తొమ్మిది తగ్గింది చూశారా! పైగా ఆ 88 అసలంటూ ఇంటిపని ముట్టుకునే మగవాళ్ల సగటు, ముట్టుకోనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

నా లెక్క అందరికీ సరిపోదని తెలుసు. మా ఆఫీసులో ఒకామె కొడుకుని ఒంటరిగా పెంచుకుంటోంది, టైం అడగడానికి ఆమెకి ఇంట్లో ఇంకో మనిషి లేరు. బస్సులో సీటు దొరికిన రోజు క్రోషియా అల్లుకుంటుంది, దొరకని రోజు లేదు. ఊళ్లు తిరిగే ఉద్యోగాల్లో ఉన్న తండ్రులదీ ఇంచుమించు ఇదే కథ. వాళ్లకి కూడా నాలుగింటికి లేవమనే చెబుతారా?

అందుకని ఒక విన్నపం. ఈసారి మీ పేజీలో 'ఇంటిని చక్కదిద్దుకుంటూనే పెయింటింగ్‌లో రాణిస్తున్న గృహిణి' లాంటిది వేస్తే, ఆవిడ బొమ్మ వేస్తుండగా ఇంట్లో అన్నం ఎవరు వండారో కూడా అడిగి రాయండి. ఎవరూ లేరు, ఆవిడే వండి నిద్ర మానుకుని వేసింది అంటే అదీ రాయండి.

ఇవాళ మంగళవారం, ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది, శ్రుతి చేసుకోవాలి, ఉంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హైదరాబాద్