రోమన్ అధ్యయన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం పెట్టుకున్న అంశం ఒక్కటే. ప్రాచీన రోము గురించి మనం చెప్పే మాటకు ఆధారం ఏమిటి, అది ఎక్కడ దొరికింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? పుస్తకాల్లోనూ ప్రసంగాల్లోనూ ఏళ్ల తరబడి తిరుగుతున్న కొన్ని మాటలను ఈ ప్రశ్నతో పరీక్షించాం. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. శాసనాలు, కాలగణన, తెలుగు నేల మీద దొరికిన రోమన్ వస్తువులు అని మూడు జట్లుగా పని సాగింది. మూడోదాని మీదే ఎక్కువ చర్చ జరిగింది కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిచ్చాం.

శాసనాల జట్టు

లాటిన్ శాసనాల మహా సంకలనం 1853లో బెర్లిన్‌లో థియోడోర్ మామ్‌సెన్ చొరవతో మొదలైంది. దాని 4వ సంపుటంలో ఇటలీలోని పొంపేయి గోడరాతలు, 6వ సంపుటంలో రోము నగర శాసనాలు ఉన్నాయి. మనం ఎక్కువగా చదివింది ఈ రెండే. కొత్తగా చేరినవారు భాషకంటే ముందు నేర్చుకోవాల్సింది 1931లో లైడెన్‌లో కుదిరిన సంపాదక సంకేతాలు. గుండ్రటి బ్రాకెట్లలో ఉన్నవి చెక్కినవాడు పొట్టిగా వదిలేస్తే సంపాదకుడు పూరించిన అక్షరాలు. చతురస్రపు బ్రాకెట్లలో ఉన్నది రాయి విరిగిపోయిన చోట సంపాదకుడు ఊహించి నింపిన పాఠం. అక్షరం కింద చుక్క ఉంటే అది సగమే మిగిలిందని, వేరే అక్షరం కూడా కావచ్చని అర్థం. జంట చతురస్రాలు కనిపిస్తే ఆ భాగాన్ని ప్రాచీన కాలంలోనే కావాలని చెరిపేశారని లెక్క.

ఇక్కడ జరిగే ప్రధానమైన పొరపాటు అనువాదం చదివి రుజువుగా చూపించడం. అనువాదంలో బ్రాకెట్లు మాయమవుతాయి, ఊహ కాస్తా వాస్తవమై కూర్చుంటుంది. అందుకే ప్రతి శాసనాన్నీ మొదట చతురస్రపు బ్రాకెట్లలోని పాఠం తీసేసి చదవడం నియమంగా పెట్టుకున్నాం. అలా చదివినప్పుడు మిగిలేదే సాక్ష్యం.

చెరిపివేతకు మంచి ఉదాహరణ రోము ఫోరంలోని సెప్టిమియస్ సెవెరస్ తోరణం (క్రీ.శ. 203). సెవెరస్ కొడుకు కరకల్లా చక్రవర్తి, తమ్ముడు గెటాను చంపించాక, తోరణం మీద గెటా పేరు తీయించి, ఆ ఖాళీలో తనకూ తండ్రికీ పొగడ్తలు పెట్టించాడు. ఆ అక్షరాలు కంచువి. వాటిని బిగించడానికి రాతిలో తొలిచిన పాత రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. కొత్త అక్షరాలతో పొసగని ఆ రంధ్రాల వరసను బట్టే కింద ఉండిన పాత పాఠాన్ని పండితులు తిరిగి కట్టగలిగారు.

సమాధి శాసనాల్లో రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మొదటిది వయసు. 30, 35, 40, 45 లాంటి అంకెలు ఉండాల్సినదానికంటే ఎంతో ఎక్కువగా కనిపిస్తాయి, అంటే చాలామందికి తమ వయసు కచ్చితంగా తెలియదు. దానికితోడు పసిపిల్లలకు రాయి పెట్టించడం అరుదు. పడుచు వయసులో పోయినవారికి, భర్త బతికుండగా పోయిన భార్యలకు పెట్టించడం ఎక్కువ. ఈ అంకెలు కూడి భాగించి రోమన్ల సగటు ఆయుర్దాయం ఇంత అనడం తప్పు. ఆ లెక్క చెప్పేది ఎవరికి రాయి పెట్టించే ఆచారం ఉండిందన్నదే.

రెండోది పేర్లు. విడుదలైన బానిస యజమాని మొదటి పేరునూ వంశనామాన్నీ తీసుకుంటాడు, బానిసగా ఉన్నప్పటి పేరు చివర చేరుతుంది. మధ్యలో 'ఎల్' అనే ఒక్క అక్షరం అతను విముక్తుడని చెబుతుంది. విడుదల చేసింది స్త్రీ అయితే ఆ 'ఎల్' ముందు తిరగేసిన 'సి' గుర్తు ఉంటుంది. రోము నగర సమాధుల్లో ఇలాంటివారు చాలా పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. అంతమాత్రాన జనాభాలోనూ అదే నిష్పత్తి అనుకోకూడదు. పుట్టుకతో పౌరుడైనవాడికి చాటుకోవాల్సింది అంతగా లేదు, విముక్తుడికి ఉంది.

కాలగణన జట్టు

రోమన్ తేదీ చదవడం రానిదే ఏ పత్రమూ ముందుకు సాగదు. నెలలో మూడు గుర్తు రోజులు: 1వ తేదీ కలెండే, 5 లేదా 7 నోనే, 13 లేదా 15 ఇడూస్. మార్చి, మే, జులై, అక్టోబరు నెలల్లో నోనే 7న, ఇడూస్ 15న వస్తాయి. మిగతా తేదీలన్నీ రాబోయే గుర్తు రోజు నుంచి వెనక్కి లెక్కిస్తారు, రెండు చివరల రోజులనూ కలుపుకుంటారు. కలెండేకు ముందు తేదీ కావాలంటే నెలలో ఉన్న రోజులకు 2 కలిపి, శాసనంలోని అంకె తీసేయాలి. 2 బదులు 1 కలిపితే ఒక రోజు తేడా వస్తుంది. కొత్తవారి అభ్యాసాల్లో ఎక్కువ తప్పులు వచ్చింది ఇక్కడే.

ఈ లెక్కనే వెసూవియస్ అగ్నిపర్వతం పేలుడు తేదీకి వర్తింపజేశాం. క్రీ.శ. 79లో పొంపేయిని పూడ్చిన ఆ పేలుడు ఆగస్టు 24న జరిగిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దానికి మూలం చిన్న ప్లినీ చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరం (6వ పుస్తకం, 16వ లేఖ). ఉత్తమమని ఎంచే రాతప్రతిలో 'సెప్టెంబరు కలెండేకు 9వ రోజు' అని ఉంది. 31కి 2 కలిపి 9 తీస్తే 24. అయితే ప్లినీ ఇది రాసింది సంఘటన జరిగిన పాతికేళ్ల తర్వాత. మన చేతిలో ఉన్నవి శతాబ్దాల తరబడి నకళ్ల మీద నకళ్లు. మిగతా ప్రతుల్లో ఈ తేదీ ఒకే తీరుగా లేదు. నకలు రాసేవాడి చేతిలో మాటలకంటే అంకెలూ నెలల పేర్లూ త్వరగా చెడతాయి.

2018లో పొంపేయి 5వ ప్రాంతంలో, మరమ్మతులు జరుగుతుండిన ఇంట్లో, బొగ్గుతో గీసిన గోడరాత బయటపడింది. అందులో 'నవంబరు కలెండేకు 16వ రోజు' అని ఉంది. 31కి 2 కలిపి 16 తీస్తే అక్టోబరు 17. బొగ్గు గీత ఎక్కువ కాలం నిలవదు, కనుక అది పేలుడు జరిగిన ఏటిదే, పేలుడు అక్టోబరులోనే జరిగిందని వాదన. దానిమ్మ కాయలు, వాడకంలో ఉన్న కుంపట్లు, అప్పటికే మూతలు బిగించిన ద్రాక్షసారా జాడీలు కూడా శరదృతువు వైపే చూపుతున్నాయని ఈ పక్షం వారు అంటారు.

మన జట్టు తేల్చింది ఇది. గోడరాతలో సంవత్సరం లేదు. ఇంటి లోపలి గోడ మీద వానా ఎండా తగలని బొగ్గు గీత ఏడాదికి పైగా నిలవడం అసాధ్యం కాదు. అక్టోబరు పక్షానికి ఒకప్పుడు గట్టి ఆధారంగా చూపింది 1974లో పొంపేయిలోని 'బంగారు కంకణం ఇల్లు' అనే ఇంట్లో దొరికిన, అప్పటి చక్రవర్తి టైటస్ వెండి నాణెం. దాని మీద అతన్ని 15వసారి 'ఇంపెరాటర్' (విజేత సేనాని బిరుదు) అని కీర్తించినట్టు చదివారు. సెప్టెంబరు 8 నాటికి ఆ సంఖ్య ఇంకా 14గానే ఉందని వేరే పత్రాలు చెబుతున్నాయి కనుక నాణెం ఆ తర్వాతిదే కావాలి. కానీ నాణేన్ని మళ్లీ పరిశీలిస్తే అంకె 14 అని తేలింది. అరిగిన వెండి మీద ఒక్క గీతను చదవడంలో వచ్చిన తేడా నెలల తరబడి తేడాగా మారింది! ప్రస్తుతానికి శరదృతువు వాదానికి బలం ఉంది కానీ రుజువు లేదు. సభ్యులు ఎక్కడైనా రాసేటప్పుడు 'క్రీ.శ. 79, ఆగస్టు లేదా శరదృతువు' అని రాయాలని జట్టు సిఫారసు.

తెలుగు నేల మీది రోమన్ వస్తువులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోమన్ నాణేల నిధులు దొరికిన చోట్లు చాలా ఉన్నాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో ఒకే చోట 1,500 పైచిలుకు వెండి దినారియాలు దొరికాయి. దక్షిణ భారతమంతటా దొరికే రోమన్ వెండిలో రెండు రకాలే ముఖ్యం. మొదటిది చక్రవర్తి ఆగస్టస్‌ది. వెనకవైపు అతని మనవలు గయస్, లూషియస్ డాళ్లూ ఈటెలతో నిలబడి ఉంటారు. రెండోది అతని తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ది. వెనకవైపు చేతిలో కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ.

ఈ రెండే ఎందుకన్నదానికి సాధారణంగా చెప్పే జవాబు నీరో చక్రవర్తి చేసిన నాణేల సంస్కరణ. క్రీ.శ. 64లో అతను ఒక రోమన్ పౌను వెండికి 84 బదులు 96 నాణేలు కొట్టించాడు, వెండి స్వచ్ఛతా తగ్గించాడు. పౌను సుమారు 327 గ్రాములు కనుక నాణెం బరువు 3.9 గ్రాముల నుంచి 3.4కు పడిపోయింది. బరువు చూసి తీసుకునే మన వర్తకులు పాత వెండినే కోరారన్నది వాదన. సబబుగానే ఉంది. కానీ దీని వల్ల వచ్చే చిక్కును మరవకూడదు. టైబీరియస్ నాణేలు నీరో తర్వాత కూడా ఓడ ఎక్కి ఉండొచ్చు. నాణెం మీద రాజు కాలం అది ముద్రించిన కాలం. భూమిలో పాతిన కాలం అరుగుదల, తోడుగా దొరికిన వస్తువులు, మట్టి పొర చెప్పాలి. నిధిలోంచి నాణేలు విడిపోయి చేతులు మారిన మరుక్షణం ఈ మూడింటిలో రెండు పోతాయి.

టైబీరియస్ నాణేలను అనుకరించి చేసిన మట్టి బిళ్లలు సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో దొరికాయి. మెడలో వేసుకునేందుకు వీలుగా చేసినవి ఇవి. వీటిని డబ్బుగా లెక్కించకూడదు. రోము రాజు బొమ్మ ఇక్కడ నగగా మారిందనడానికి సాక్ష్యాలు.

కుండపెంకుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వృత్తాకార గీతలున్న పల్చటి పళ్లేలు అమరావతి, శాలిహుండం లాంటి చోట్ల దొరుకుతాయి. రూలెట్ పాత్రలని వీటికి పేరు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వించిన మార్టిమర్ వీలర్ వీటిని మధ్యధరా సంప్రదాయంతో ముడిపెట్టారు. తర్వాత విమలా బెగ్లీ పరిశోధన, మట్టి విశ్లేషణలు ఇవి భారతదేశంలోనే తయారయ్యాయనీ రోమన్ వాణిజ్యం ఊపందుకోవడానికి ముందే ఉన్నాయనీ చూపించాయి. అయినా రూలెట్ పాత్ర దొరికితే రోమన్లు వచ్చారని ఇప్పటికీ రాస్తున్నారు. ఇది ఆగాలి.

ఆంఫొరాల (ద్రాక్షసారా, నూనె లాంటివి రవాణా చేసే జాడీల) సంగతీ అంతే. మన దేశంలో రోమన్ ఆంఫొరాలుగా నమోదైన పెంకుల్లో చాలావాటిని రోబర్టా టోంబర్ మళ్లీ చూసి, అవి మెసొపొటేమియా నుంచి వచ్చిన టార్పెడో జాడీలని గుర్తించారు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఆంఫొరాకు మెడ, రెండు పిడులు ఉంటాయి. టార్పెడో జాడీకి రెండూ ఉండవు, లోపల నల్లటి తారుపూత ఉంటుంది. ఇటలీలోని కాంపానియా ఆంఫొరా అయితే విరిగిన అంచును పది రెట్ల భూతద్దం కింద పెట్టగానే ఎర్రమట్టిలో నల్లటి మెరిసే అగ్నిపర్వత ఖనిజపు రేణువులు ఒత్తుగా కనిపిస్తాయి. పెంకు లోపలి వైపు బ్రష్షుతో రుద్దకూడదు. టార్పెడో జాడీకి ఆ తారుపూతే గుర్తింపు, రుద్దితే రాలిపోతుంది.

గ్రంథాల వైపు, చిన్న ప్లినీ మేనమామ పెద్ద ప్లినీ ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు (దినారియాలో నాలుగో వంతు విలువైన నాణేలు) భారతదేశానికి పోతున్నాయని రాశాడు. మరోచోట భారత్, చైనా, అరేబియాలకు కలిపి 10 కోట్లు అన్నాడు. విలాసాలను తిట్టే సందర్భంలో చెప్పిన అంకెలివి, అందుకే చాలామంది వీటిని అతిశయోక్తి అంటారు. 1985లో ప్రచురితమైన ముజిరిస్ పాపిరస్‌తో (కేరళ తీరపు ముజిరిస్ రేవు వాణిజ్యానికి చెందిన, ఈజిప్టు రెల్లు కాగితం మీది పత్రం) పోల్చి చూస్తే లెక్క వేరుగా కనిపిస్తుంది. క్రీ.శ. 2వ శతాబ్దపు ఆ పత్రంలో హెర్మాపొల్లోన్ అనే ఓడ సరుకు విలువ 1,154 టాలెంట్లు, 2,852 డ్రాక్మాలు. టాలెంటుకు 6,000 డ్రాక్మాల చొప్పున దాదాపు 69 లక్షలు. ఈజిప్టు డ్రాక్మా సెస్టెర్స్‌తో సమానం. అలాంటి ఓడలు ఏడెనిమిది వస్తే ప్లినీ అంకె దాటిపోతుంది. ఈజిప్టు ఎర్రసముద్ర రేవు మ్యోస్ హోర్మోస్ నుంచి 120 ఓడలు భారతదేశానికి వెళ్తున్నాయని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. కాకపోతే పాపిరస్‌లోది ఈజిప్టు చేరాక కట్టిన ధర, ప్లినీ చెప్పింది ఇక్కడికి వచ్చిన డబ్బు. రెంటినీ నేరుగా పోల్చే ముందు ఈ తేడాను రాయాలి.

మన తీరం గురించి పెరిప్లస్ (ఎర్రసముద్రం నుంచి భారతదేశం దాకా రేవులను వర్ణించే ప్రాచీన గ్రీకు గ్రంథం) చెప్పేది ఒక్క వాక్యమే: మసాలియాలో సన్నని నూలుబట్ట విరివిగా తయారవుతుంది. ఈ గ్రంథం మొత్తం హైడెల్‌బర్గ్‌లోని 10వ శతాబ్దపు ఒకే ఒక్క మంచి ప్రతి మీద ఆధారపడి ఉంది. పేర్ల విషయంలో గట్టిగా మాట్లాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

గ్రంథాలయం, వచ్చే ఏడాది పని

ఖర్చులో ఎక్కువ భాగం సంపుటాల కొనుగోలుకూ స్కానింగుకూ పోయింది. లెక్కలు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో పెడతారు. వచ్చే ఏడాది, పొంపేయితో పాటే పూడిపోయిన హెర్కులేనియం పట్టణపు పాపిరస్ చుట్టల మీద కొత్త జట్టు మొదలవుతుంది. బొగ్గయిపోయిన చుట్టను విప్పకుండా ఎక్స్‌రే తీసి, పొరలను కంప్యూటర్లో విడదీసి, సిరా ఉన్న చోటును యంత్ర అభ్యాసంతో గుర్తిస్తున్నారు. సిరాలోనూ బొగ్గే, పాపిరస్‌లోనూ బొగ్గే కావడంతో ఎక్స్‌రేలో రెంటికీ తేడా తెలియకపోవడమే అసలు చిక్కు. 2024 ఫిబ్రవరిలో ఒక చుట్టలోంచి 2,000కు పైగా అక్షరాలు చదివిన ముగ్గురు యువకులకు పెద్ద బహుమతి దక్కింది. గ్రీకు వచ్చినవారు ఈ జట్టులో చేరాలి.

చివరగా, పొలం దున్నేటప్పుడో పునాది తీసేటప్పుడో పాత నాణేలు బయటపడ్డాయని తెలిస్తే సభ్యులు చేయాల్సింది చెబుతాం. 1878 నాటి నిక్షేప నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపడం దొరికినవారి బాధ్యత. చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమనివ్వొద్దు, ఆమ్లం పై పొరను తినేస్తుంది, అక్షరాలు పోతాయి. కుండలో ఉంటే కుండను కూడా పారేయనివ్వొద్దు. కదిలించకముందే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయాలి, తర్వాత రెండు వైపులా, అంచు కూడా తీయాలి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తే అది అచ్చులో పోసిన నకిలీ కావచ్చు. గ్రాములో వందో వంతు దాకా చూపే తూకంతో ఒక్కోటీ విడిగా తూచి రాయాలి. ఊరు, పొలం, లోతు, తేదీ అదే రోజు రాసి పెట్టాలి.