దొడ్లో సాల పెంచుకుంటామంటే అవునో కాదో రాసివ్వరా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఒడిశాలో గజపతి జిల్లా నుంచి రాస్తున్నానండి. మా దగ్గర తెలుగు పేపరు చదివేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నాం. ఊరి పేరు, ఆఫీసు పేరు కావాలనే రాయట్లేదు, ఎవరి మీదో కోపం తీర్చుకోడానికి కాదు ఈ ఉత్తరం, గుణుపురం వైపు చుట్టాలని అడిగినా ఇదే పాట పాడుతున్నారు.

సంగతేంటంటే మా ఇంటి వెనక దొడ్లో పాత పశువుల సాల ఉంది. పశువులు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు మా ఆవిడ అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక పీకో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు, ఆ గాలికి సాల రేకులు లేచిపోయి వీధి చివర దొరికితే వాటినే తెచ్చి మళ్ళీ మేకులు కొట్టుకున్నాం, వానొస్తే ఇప్పటికీ బట్టలన్నీ మూట కట్టి ఇంట్లోకి మొయ్యాల్సిందే. అందుకని ఇటుక గోడలు కట్టి, ఒక ఎనిమిది అడుగులు పొడుగు పెంచి, పైన స్లాబ్ వేద్దామనుకున్నాం. మేడ కాదు, షాపింగ్ కాంప్లెక్స్ కాదు.

కట్టేముందు పర్మిషన్ అడిగాం. పట్టా పెట్టాం, ప్లాను గీయించి పెట్టాం, అమీను (భూమి కొలిచే సర్వేయరు) చేత కొలిపించాం. పట్టాలో కిసం, అంటే భూమి రకం, ఘరబారి, అంటే ఇంటి స్థలం అనే ఉంది (సాగుభూమి అని ఉంటే ముందు తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద కన్వర్షన్ చేయించుకోవాలి, అదో పెద్ద యాత్ర, అది మాకు తప్పింది). అయినా ఇప్పటిదాకా వచ్చిందంతా నోటి జవాబే. ఒకాయన వెనక ఖాళీ చాలదంటాడు, ఎంత వదలాలండీ అంటే ప్లాను చూసి చెప్తానంటాడు, ప్లాను ఆయన చేతిలోనే ఉంటుంది. ఇంకొకాయనైతే మిషన్లున్నాయి కాబట్టి ఇది కమర్షియల్, రెసిడెన్షియల్ జోన్‌లో కుదరదు అనేశాడు.

బోర్డు లేదు, పనివాళ్ళు లేరు, వచ్చేది వీధిలో ఆడవాళ్ళే, అదీ దొడ్డి గుమ్మంలోంచి. ఇది కమర్షియల్ అయితే అప్పడాలు వత్తి అమ్ముకునే ముసలమ్మ ఇల్లు కూడా ఫ్యాక్టరీయే. జోన్లు ఎందుకు పెట్టారో నాకు తెలీక కాదు, ఇళ్ళ మధ్యలో పిండిమరలు, వెల్డింగ్ షాపులు వచ్చి కూర్చోకూడదని, అది మంచిదే. కానీ మా వెనక వీధిలో వెల్డింగ్ షెడ్డు ఉంది, ఆయన ఎవర్నీ అడగలేదు, కట్టేశాడు, ఎవరో వచ్చి చూసి వెళ్ళారు, షెడ్డు నడుస్తోంది. మాకు ప్లాను గీసిన కుర్రాడే చెప్పాడు, ముందు కట్టేయండి బాబూ, పట్టుకుంటే అప్పుడు ఫైన్ కట్టి రెగ్యులరైజ్ చేసుకోవచ్చు, ఇలా ముందే అడిగితేనే ఇరుక్కుంటారని. వాడి మాటే నిజమయ్యేలా ఉంది.

ఖాళీ వదలడం గురించి కూడా నాకు పేచీ లేదు. మా స్లాబ్ నీళ్ళు పక్కింటి బాబాయి వంటింట్లో పడకూడదు, ఏ నిప్పో అంటుకుంటే మనిషి దూరే సందు ఉండాలి, ఒప్పుకుంటాను. కాకపోతే పాత వీధుల్లో ఇళ్ళన్నీ సన్నగా పొడుగ్గా గోడకి గోడ ఆనుకుని ఉంటాయి, లేఅవుట్ ప్లాట్లకి రాసిన కొలతలు ఇక్కడ అలాగే పెడితే సగం ఇళ్ళకి దొడ్డే మిగలదు. అయినా సరే, మూడడుగులు వదలమంటే మూడడుగులు వదులుతాం, గది అంత తగ్గించుకుంటాం, కానీ ఆ లెక్క ఎవరో ఒకరు చెప్పాలి కదండీ!

ఒడిశాలో పబ్లిక్ సర్వీసుల హక్కు చట్టం 2012 నుంచి ఉంది, చట్టం కింద నోటిఫై చేసిన పనులకి గడువు ఉంటుంది, గడువు దాటినా కాదన్నా అప్పీలు వేసుకోవచ్చు. మరి నోటిమాట మీద ఏమని అప్పీలు వేస్తాం? ఆర్టీఐ వేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, నిజమే, కానీ అది వేస్తే నీ ఫైలు ఇంక కదలదు అని భయపెట్టేవాళ్ళే అందరూ.

నేను అడిగేది పెద్దదేం కాదు. దొడ్లో గది పెంచుకునేవాళ్ళు వెనక ఎంత వదలాలి, పక్కన ఎంత, ఎత్తు ఎంత, అందులో ఇంటి పనులు ఏవి చేసుకోవచ్చు ఏవి కూడదు, ఇంతే, ఒక్క పేజీ, ఒడియాలో రాసి పక్కన తెలుగులో కూడా రాసి ఆఫీసు గోడకి అంటించండి. అప్లికేషన్ ఒప్పుకోకపోతే ఏ రూలు ప్రకారం ఒప్పుకోలేదో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వానలు మొదలయ్యేలోపు ఆ కాగితం చేతికొస్తే చాలు, కాదన్నా సరే, మేం రేకులు మార్చుకుని ఊరుకుంటాం.

ఇట్లు
ఒక పాఠకుడు
గజపతి జిల్లా, ఒడిశా