ఆర్డరొస్తే డప్పు, పోతే ఫుట్‌నోటు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో కంపెనీల ఫలితాల ప్రకటనలు బాగా చిన్నవైపోయాయి, గమనించారో లేదో. ఇదివరకు చీమ తలకాయంత అక్షరాల్లో పావు పేజీ అంకెలుండేవి, ఇప్పుడు నాలుగు వాక్యాలూ ఒక క్యూఆర్ గళ్ల బొమ్మా ఉంటున్నాయి. 2024 డిసెంబరులో షేర్ల మార్కెట్‌ని అదుపు చేసే సెబీ నిబంధన మార్చింది కదా, పూర్తి ఫలితాలు వెబ్‌సైట్లో పెట్టి పేపర్లో దానికి దారి చూపిస్తే చాలని. మొన్న మా కొట్లో కుర్రాడు ఆ బొమ్మ చూసి "దీనికెంత కొట్టాలి షావుకారూ" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, స్కాన్ చేశాక తెరుచుకున్నది చూస్తే వాడికీ నాకూ పెద్ద తేడా లేదనిపించింది.

నాది కాశీబుగ్గ. జీడిపప్పు చిన్న వ్యాపారం. ఓ పక్క పిల్ల చదువుకని ఐదారేళ్లుగా కొద్దికొద్దిగా షేర్లు కొంటున్నాను. రెండేళ్ల కిందట బెంగళూరులో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఒక మధ్యరకం టెక్నాలజీ కంపెనీలో కొన్నాను, పేరు ఇక్కడ అనవసరం. ఎందుకు కొన్నానంటే, ఏదో విదేశీ బ్యాంకు దానికి ఐదేళ్ల కాంట్రాక్టు ఇచ్చిందని అదే రోజు స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలిపారు, ప్రెస్ నోటు ఇచ్చారు, కంపెనీ పెద్దాయన ఫోటో వచ్చింది, టీవీలో గంటకోసారి స్క్రోలింగ్. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక శుక్రవారం రాత్రి త్రైమాసిక ఫలితాలు పెట్టారు. శనివారం పొద్దున్నే ఆ పీడీఎఫ్ దించుకుని కూర్చుని చదివాను. నలభై పైచిలుకు పేజీలు. లాభం కొంచెం పెరిగింది, డివిడెండు ప్రకటించారు, బాగానే ఉందనుకున్నాను. సోమవారం మార్కెట్ తెరవగానే షేరు జారడం మొదలైంది, సాయంత్రానికి మా బావమరిది ఫోను, "ఏటి బావా, మీ కంపెనీకి ఏటయిందట?" అని. నాకేం తెలుసు! హైదరాబాద్‌లో సీఏ చదువుతున్న మేనకోడలికి పీడీఎఫ్ పంపిస్తే పది నిమిషాల్లో తిరిగి చేసింది. ముప్పై ఒకటో పేజీలో లెక్కల కింద రాసిన వివరణల్లో తొమ్మిదో నోటు చూడు మామయ్యా అంది. ఒక ముఖ్య కస్టమరుతో ఒప్పందం పరిధిని పరస్పర అంగీకారంతో పునఃసమీక్షించడమైనది అని, దాని ఇంగ్లీషు అచ్చంగా ఆ తీరులోనే ఉంది, ఒకే ఒక్క వాక్యం. అంటే ఆ బ్యాంకు ఆర్డరు పోయింది. నేను ఆ వాక్యం శనివారమే చదివాను. చదివి కూడా నాకు తెలియలేదు.

పోయిన డబ్బు పెద్దదేం కాదు, నాలుగు బస్తాల జీడిపిక్కల ఖరీదనుకోండి. దానికోసం ఈ ఉత్తరం రాయడం లేదు. కంపెనీకి మెయిలు పెడితే మర్యాదగానే జవాబిచ్చారు, అన్ని వివరాలూ నిబంధనల ప్రకారం సకాలంలో ఎక్స్ఛేంజీలకు తెలియజేశామని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నన్ను తొలిచేది అదే.

ఆ నిబంధనలేమిటో తరవాత కూర్చుని తెలుసుకున్నాను. లిస్టెడ్ కంపెనీలు ఏది ఎప్పుడు బయటపెట్టాలో సెబీ 2015లో రూల్స్ చేసింది, 2023లో వాటిని బాగా బిగించింది. బోర్డు మీటింగులో తీసుకున్న నిర్ణయమైతే మీటింగు ముగిసిన 30 నిమిషాల్లో, కంపెనీ లోపల జరిగిన విషయమైతే 12 గంటల్లో, బయటినుంచి వచ్చిందైతే 24 గంటల్లో చెప్పాలి. మార్కెట్ మూసేశాక మీటింగు ముగిస్తే 3 గంటలు టైమిచ్చారు. త్రైమాసిక ఫలితాలకి 45 రోజులు, ఏడాది లెక్కలకి 60 రోజులు. ఫలితాల తరవాత విశ్లేషకులతో మాట్లాడే కాల్ ఆడియో, దాని రాతప్రతి కూడా వెబ్‌సైట్లో పెట్టాలి. ఇవన్నీ మంచివే, ఎవరు కాదన్నారు. కాకపోతే ఈ గడియారం లెక్కలన్నీ ఎవరికి పనికొస్తాయో ఆలోచించండి. ముంబైలో ఫండు నడిపేవాడికి ముప్పై నిమిషాలంటే ముప్పై నిమిషాలే, చదివిపెట్టడానికి వాడికి మనుషులున్నారు, కంప్యూటర్లున్నాయి. నాకు ముప్పై నిమిషాలైనా మూడు రోజులైనా తొమ్మిదో నోటు తొమ్మిదో నోటే.

ఆర్డర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. సాధారణ వ్యాపారంలో భాగం కాని ఆర్డరు వచ్చినా, మారినా, రద్దయినా, అది కంపెనీ స్థాయికి పెద్దదైతే చెప్పాలని రూలు. పెద్దదో కాదో తేల్చడానికి అమ్మకాల్లో 2 శాతం, నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 2 శాతం, మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం, ఈ మూడింట్లో ఏది తక్కువైతే అది కొలత. చదవడానికి గట్టిగానే ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ బతికేదే ఆర్డర్ల మీద, దానికి ఏ ఆర్డరు సాధారణం కాదు చెప్పండి? తేల్చేది వాళ్ల యాజమాన్యమే. దాంతో వచ్చినప్పుడు ఇది మామూలు ఆర్డరు కాదు, చారిత్రాత్మకం. పోయినప్పుడు అదే ఆర్డరు మామూలు వ్యాపారంలో మామూలు మార్పు. మేము పిక్కలు కొనేటప్పుడు బస్తా మూతి దగ్గరివి చూసి బేరం చేయం, చెయ్యి లోపలికంటా పెట్టి అడుగునుంచి గుప్పెడు తీసి, కోసి, పప్పు చూస్తాం. ఎందుకంటే మంచివి పైన పోసి పుచ్చులు అడుగున వేసే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. షేర్ల బస్తాలో చెయ్యి పెట్టడానికి నాకు సీఏ చదివే మేనకోడలు కావాల్సొచ్చింది.

డేటా చోరీల సంగతీ ఇంతే. టెక్నాలజీ కంపెనీకి అది ఇంట్లో దొంగలు పడటం లాంటిది. కంపెనీ దాన్ని పెద్ద ఘటన అనుకుంటే వెంటనే చెబుతుంది. లేకపోతే మూడు నెలలకోసారి కంపెనీ నడిపే తీరు గురించి ఇచ్చే గవర్నెన్స్ నివేదికలో ఒక గడిలో రాస్తుంది. ఆ నివేదిక అనేది ఒకటుందని నాకు మొన్నటిదాకా తెలియదు. పుకారుతో షేరు ధర బాగా కదిలితే 24 గంటల్లో అవుననో కాదనో చెప్పాలన్న రూలు కూడా ఉంది, అది మొదటి 250 పెద్ద కంపెనీలకే. నేను కొన్నలాంటి మధ్యరకం కంపెనీ మీద వాట్సాప్ గ్రూపుల్లో ఏది తిరిగినా అడిగే దిక్కులేదు.

తెలుగువాళ్లకి ఈ గొడవ కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం చైర్మన్ రామలింగరాజు స్వయంగా రాసిన లేఖతో, లెక్కల్లో 5,361 కోట్లు చూపించిన చోట 5,040 కోట్లు అసలు లేవని లోకానికి తెలిసింది. షేరు ఆ ఒక్క రోజే నాలుగింట మూడు వంతుల పైగా పడిపోయింది. అంతకు నాలుగు నెలల ముందే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్ బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు! తరవాత వెనక్కి తీసుకున్నారనుకోండి. ప్రమోటర్లు, అంటే కంపెనీ పెట్టి నడిపే యజమానులు, తమ షేర్లు తాకట్టు పెడితే ఆ సంగతి చెప్పి తీరాలని సెబీ అన్నది ఆ జనవరిలోనే. అంటే దెబ్బ తగిలిన చోట కట్టు కడుతూ వచ్చారు. ఇప్పుడు అబద్ధం చెప్పడం కష్టమైందని నేనూ నమ్ముతాను, కానీ నిజాన్ని ఎవరికీ కనిపించకుండా చెప్పడం మాత్రం ఇంకా సులువుగానే ఉంది, దానికి కట్టు కట్టినవాళ్లు లేరు.

భాష సంగతి చూడండి. ఫలితాల ప్రకటన ఒక ఇంగ్లీషు పేపర్లో, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోటి ప్రాంతీయ భాష పేపర్లో వేయాలని రూలు. నా కంపెనీ బెంగళూరుది కాబట్టి కన్నడంలో వేస్తుంది. వాటాదారు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాడు, ప్రకటన కర్ణాటకలో ఉంది. హైదరాబాద్ కంపెనీలు తెలుగులో వేస్తాయి గానీ ఆ తెలుగు చదివి అర్థం చేసుకున్నవాళ్లని నేనింతవరకు చూళ్లేదు, "అసాధారణ అంశములకు పూర్వపు లాభము" అంటే మా ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారే బుర్ర గోక్కున్నారు. కొత్తగా ఐపీఓకి, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వచ్చే కంపెనీలు తమ ఆఫర్ పత్రంలోని సారాంశాన్ని వీడియోగా చేయాలని సెబీ 2024లో చెప్పింది, మంచి ఆలోచన, కాకపోతే అది ఇంగ్లీషు, హిందీల్లోనే.

మా బావమరిది అంటాడు, ఇంగ్లీషు రానివాడికి షేర్లెందుకు, మ్యూచువల్ ఫండులో పడేసుకో అని. అనొచ్చు. మరి షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరవమని ఫోను చేసే అమ్మాయి చక్కటి తెలుగులో మాట్లాడుతుందే! దేశంలో డీమ్యాట్ ఖాతాలు 2024లోనే 15 కోట్లు దాటాయి. వాళ్లందరూ ఇంగ్లీషులో ముప్పై ఒకటో పేజీదాకా చదివేవాళ్లే అంటే నేను నమ్మను. డబ్బు వేయడానికి మా భాష పనికొచ్చింది, డబ్బు ఏమైందో చెప్పడానికి పనికిరాలేదు.

సెబీని నేను అడిగేది ఎక్కువేం లేదు. ఒక ఆర్డరు వచ్చిందని కంపెనీ స్వయంగా చాటుకుంటే, ఆ ఆర్డరు ముగిసేదాకానో రద్దయ్యేదాకానో దాన్ని వదలకూడదు, మొదటి ప్రకటనకి వేసిన నంబరుతోనే, అంతే పెద్ద శీర్షికతో తరవాతి కబురు కూడా చెప్పాలి. చిన్నదైపోయింది కాబట్టి చెప్పక్కర్లేదు అనే దారి మూసేయాలి. ఇక ఫలితాల ముందు ఒక్క పేజీ, పోయిన మూడు నెలల్లో ఏం పోగొట్టుకున్నామో మామూలు మాటల్లో రాసి, తెలుగుతో సహా పెద్ద భాషలన్నిట్లో పెట్టాలి. నలభై పేజీలు తయారు చేసేవాళ్లకి నలభై ఒకటో పేజీ బరువేం కాదు.

మిమ్మల్నీ ఒకటి అడగాలి, కోపం తెచ్చుకోకండి. ఆ బ్యాంకు ఆర్డరు వచ్చిన రోజు మీ బిజినెస్ పేజీలో మూడు కాలమ్‌ల వార్త వేశారు, నా దగ్గర కత్తిరింపు ఉంది. పోయినప్పుడు ఒక్క లైను రాలేదు. వారానికి అర కాలమ్ చాలు, ఆ వారం కంపెనీలు నోట్లలో ఏం దాచాయో చదివి చెప్పండి. మొదలుపెట్టడానికి సరుకు కావాలంటే ఆ పీడీఎఫ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది, పంపిస్తాను.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా