కప్ప తేలింది సరే, తేల్చినాయన పేరేది?

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు నడుపుతున్నా. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, చిక్కడపల్లి లైబ్రరీ కూడా దగ్గరే, పొద్దున షట్టర్ ఎత్తేసరికే గ్రూప్స్‌కి చదివే పిల్లలు నోట్సు పట్టుకుని నిలబడి ఉంటారు. మీ పేపర్ షాపుకే వేయించుకుంటా, నేను చదివాక రోజంతా వచ్చేపోయేవాళ్ళు చదువుతూనే ఉంటారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మీకు ఉత్తరం రాయలేదు, పోయిన వారం లోపలి పేజీలో వచ్చిన ఒక చిన్న బాక్స్ ఐటం చూశాక మాత్రం రాయకుండా ఉండలేకపోయా.

విదేశాల్లో ఓ శాస్త్రవేత్త అయస్కాంతంతో బతికున్న కప్పని గాల్లో తేలేలా చేశాడని వేశారు. నాలుగు లైన్లు, ఒక ఫోటో, అంతే. ఆయన పేరు లేదు, ఏ దేశమో లేదు, ఎప్పుడు జరిగిందో లేదు. షాపులో చదివిన పిల్లల్లో సగం మంది ఫేక్ అన్నారు, మిగతావాళ్ళు ఏఐ బొమ్మ అయ్యుంటుందిలే అని పేజీ తిప్పేశారు. అది చూసి నాకు నిజంగా బాధేసింది సార్, ఎందుకంటే అది ఫేక్ కాదు, పైగా దాని వెనక ఉన్న కథ ఆ కప్ప కంటే బాగుంటుంది.

ఆయన పేరు ఆండ్రీ గైమ్. 1997లో నెదర్లాండ్స్‌లో చేశారు. నీళ్ళని అయస్కాంతం చాలా అంటే చాలా కొంచెంగా అవతలికి నెడుతుందట, కప్ప ఒళ్ళంతా ఎక్కువ భాగం నీళ్ళే కదా, అందుకని మ్యాగ్నెట్ బలం 16 టెస్లాల దాకా తీసుకెళ్ళేసరికి ఆ నెట్టుడు కప్ప బరువుకి సరిపోయి అది అలా మధ్యలో తేలింది, కప్పకి ఏమీ కాలేదు. దీనికి 2000లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి 1991 నుంచి ఇస్తున్న ప్రైజ్ అది. ఆ మరుసటి ఏడాది ఒక రీసెర్చ్ పేపర్ రాసి, దాని మీద తన పేరు పక్కన టీషా అనే తన హ్యామ్‌స్టర్ (ఎలక లాంటి పెంపుడు జంతువు) పేరు కూడా వేయించారు. ఇక 2010లో ఇదే మనిషికి అసలు నోబెల్ వచ్చింది, ఫిజిక్స్‌లో, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌తో కలిపి. దేనికి? పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ మీద మనం పార్సిళ్ళకి అంటించే టేపు లాంటిదే అంటించి పీకి, మళ్ళీ మళ్ళీ పీకి, ఒక్క పరమాణువు మందం ఉన్న పొర దాకా వచ్చినందుకు. దాన్నే గ్రాఫీన్ అంటున్నారు.

ఇదంతా నాలుగు లైన్లలో పట్టదు, తెలుసు. కానీ పేరొక్కటి ఉంటే ఎవరైనా ఫోన్‌లో కొట్టుకుని చూసుకునేవాళ్ళు కదా. పేరు తీసేసరికి నోబెల్ పోయింది, హ్యామ్‌స్టర్ పోయింది, టేపు పోయింది, చివరికి కప్ప కూడా అబద్ధం అయిపోయింది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే మా షాపు గోడ మీద ఒక బోర్డు ఉంది. ఎక్కడైనా ఇంటర్నెట్‌లో ఒక వింత వార్త, ఏదో టెక్నాలజీ సంగతి, చూడగానే మొహంలో నవ్వొచ్చేది కనిపిస్తే ఒక ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పొద్దున్నే పెడతా. పొద్దస్తమానం కరెంట్ అఫైర్స్, పాలిటీ, మాక్ టెస్టులు అని తలలు వేడెక్కి వస్తారు పిల్లలు, వాళ్ళ కాపీలు తీసేలోపు రెండు నిమిషాలు ఆ కాగితం చదివి పక్కోడి భుజం తట్టి చూపిస్తుంటే నాకు ఆ రోజంతా హాయిగా ఉంటుంది.

ఈ బోర్డు మీద నేను కూడా తప్పు చేశా. ఒక దీపావళికి అంతరిక్షం నుంచి ఇండియా అని రంగు రంగుల ఫోటో వస్తుంది చూడండి, అందరి ఫోన్లలోకీ వచ్చేదే, దాన్ని కలర్ ప్రింట్ తీసి పెట్టా. మధ్యాహ్నానికి నల్గొండ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి మెల్లగా, అందరి ముందూ కాకుండా, పక్కకి వచ్చి చెప్పింది, "అక్కా, అది ఒక్క రాత్రి ఫోటో కాదు" అని. అమెరికా వాళ్ళ శాటిలైట్లు ఏళ్ళ తరబడి తీసిన రాత్రి వెలుగుల్ని కలిపి తయారు చేసింది అది, 2003 దాకా ఏ ఏడాదికి ఎక్కడ కొత్తగా లైట్లు వచ్చాయో రంగులతో చూపించారు. 2012లో నాసా వాళ్ళే నిజంగా దీపావళి రోజుల్లో ఒక రాత్రి తీసిన ఫోటో పెట్టి, పండగ దీపాల వల్ల పైనుంచి చూస్తే పెద్దగా తేడా తెలియదు అని చెప్పారు. ఆ కాగితం తీసేసి అక్కడే కొత్తది పెట్టా, నిన్నటిది తప్పు, ఇదీ సంగతి అని. ఆ రోజు బోర్డు ముందు నిలబడినంత మంది అంతకుముందు ఎప్పుడూ నిలబడలేదు. ఎర్రగా ఉన్న చుక్క అంటే 1998 తర్వాత కొత్తగా వెలుగొచ్చిన చోటు అని తెలిశాక ప్రతి ఒక్కళ్ళూ వాళ్ళ జిల్లా ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కున్నారు.

అప్పటినుంచి బోర్డుకి ఒకటే రూలు, ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది అనే మూడూ దొరికితేనే కాగితం ఎక్కుతుంది, దొరక్కపోతే ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తా. ఇలా వెతకడం మొదలుపెట్టాక ఒక్కోసారి ఆ వెతుకులాటలోనే అసలు సరుకు దొరుకుతుంది. కంప్యూటర్‌లో వచ్చే తప్పుని బగ్, అంటే పురుగు, అంటారు కదా, ఆ మాట నిజంగానే ఒక పురుగు వల్ల వచ్చిందని అందరూ షేర్ చేస్తుంటారు. పురుగు మాట నిజమే, 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 అనే పాతకాలం కంప్యూటర్‌లో రిలే అనే స్విచ్‌లో ఒక చిమ్మట ఇరుక్కుంటే తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు, ఆ పేజీ ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. కానీ ఆ పేజీ మీద వాళ్ళు రాసిందేంటి, నిజంగా ఒక బగ్ దొరకడం ఇదే మొదటిసారి అని. అంటే ఆ మాట అప్పటికే వాడుకలో ఉంది, ఎడిసన్ కూడా 1878లోనే ఒక ఉత్తరంలో వాడాడు. ఫార్వర్డ్ తప్పని ఆ కాగితమే చెప్తోంది, చూసేవాళ్ళు ఉండాలంతే.

అన్నిటికంటే ఎక్కువ రోజులు ఉంచిన కాగితం మాత్రం క్యూఆర్ కోడ్‌ది, ఎందుకంటే అది కౌంటర్ మీదే ఉంది, ముట్టుకుని చూపించొచ్చు. 1994లో జపాన్‌లో డెన్సో అనే కంపెనీలో మసాహిరో హారా అనే ఇంజినీర్ వాళ్ళు కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేశారు, నలుపు తెలుపు గళ్ళ ఆలోచన ఆయనకి గో అనే ఆట బోర్డు నుంచి వచ్చింది. మూలల్లో మూడు పెద్ద చదరాలు ఉంటాయి కదా, వాటి మధ్యగా అడ్డంగా గీత గీస్తే నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు 1:1:3:1:1 కొలతలో వస్తాయి. ఆ కొలతే ఎందుకంటే పాంప్లెట్లు, మ్యాగజైన్లు, అట్టపెట్టెలు తెప్పించి వాటి మీద ప్రింట్ అయిన బొమ్మలు, అక్షరాలు అన్నీ కొలిచి, అన్నిటికంటే తక్కువగా కనిపించే కొలత ఏదో దాన్ని పట్టుకున్నారు, అప్పుడే స్కానర్ వేరే దేన్నో చూసి పొరబడదు. ఒక అబ్బాయి స్కేల్ తెచ్చి నా కౌంటర్ మీద స్టిక్కర్‌ని కొలిచాడు, మూడు మిల్లీమీటర్లు, మూడు, తొమ్మిది, మూడు, మూడు. వాడి మొహం చూడాలి మీరు. టీ కొట్టు దగ్గర రోజూ ఇరవైసార్లు చూసే వస్తువు అది.

నవంబర్‌లో పెన్షన్ వాళ్ళు లైఫ్ సర్టిఫికెట్ పని మీద వస్తారు. ఆ నెల ఉత్తరప్రదేశ్ లాల్ బిహారీ గారి కాగితం పెడతా. భూమి కోసం చుట్టాలు ఆయన్ని 1975లో రికార్డుల్లో చనిపోయినట్టు రాయించేశారు, బతికే ఉన్నానని ఒప్పించడానికి 1994 దాకా పట్టింది, మధ్యలో తనలాంటి వాళ్ళందరితో మృతక్ సంఘ్ అని సంఘం పెట్టారు, ఎన్నికల్లో నిలబడ్డారు, 2003లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కిందటేడు ఒక పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి రెండుసార్లు చదివి, "బిడ్డా, గిది ఒక కాపీ తీసియ్యి, మా ఆఫీసర్‌కు చూపిస్త" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు నేను.

ఇవన్నీ సరదా సంగతులే కదా, పేరు లేకపోతే కొంపలేం మునిగాయి అనొచ్చు మీరు. 2018 మే గుర్తు తెచ్చుకోండి సార్. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో తిరిగిన దానికి ఊరు లేదు, తేదీ లేదు, చెప్పినవాళ్ళెవరో లేదు, మన చాంద్రాయణగుట్టలో జనం అది నమ్మి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు. అదే ఏడాది గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పులతో పాటలతో ఈ మెసేజ్‌లు నమ్మొద్దని చెప్పించారు. ఆ జులైలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా చేశారు. కప్ప వార్తా ఆ వార్తా ఒకటని అనడం లేదు. కానీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగే అలవాటు అంత భయంలో ఉన్నప్పుడు రాదు కదా, కప్ప లాంటి వాటి దగ్గర నవ్వుతూ ఉన్నప్పుడే రావాలి.

అందుకని మిమ్మల్ని అడిగేది చిన్నదే. ఆ బాక్స్ ఐటం ఆపొద్దు, దయచేసి ఆపొద్దు, రోజూ ఒకే చోట వేయండి. ఓ శాస్త్రవేత్త, ఓ దేశం, ఓ వ్యక్తి అనే మాటలు తీసేసి అక్కడ పేరు, ఊరు, ఏడాది పెట్టండి, అవి దొరకని వార్త ఆ రోజుకి వదిలేయండి. తప్పు పడితే మర్నాడు అదే బాక్స్‌లో సరిచేయండి, ఎక్కడో ఆఖరి పేజీ మూలన కాదు. ఇంకోటి, వింతలన్నీ విదేశాలవే ఎందుకు వేయాలి? సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే చిన్న బొమ్మ కోసం జనం ఇప్పటికీ గడియారం ముందు గుంపుగా చేరతారు, ఆరో నిజాం బూటులో దొరికిన జేకబ్ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుకి పెట్టుకున్నారు, ఇలాంటివి మన ఊళ్ళో ఎన్నున్నాయో.

ఆండ్రీ గైమ్ గారి కాగితం బోర్డు మీద పెట్టా, పక్కనే మీ కటింగ్ కూడా అంటించా. ఫేక్ అన్న పిల్లలే ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి చదివి చెప్తున్నారు. మీ బాక్స్‌లో ఆయన పేరు వేసిన రోజు ఆ కటింగ్ తీసి కొత్తది పెడతా.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక జిరాక్స్ షాపు ఆమె,
అశోక్‌నగర్, హైదరాబాద్