ఫిజీ సంఘాన్ని దొరలొక్కరే కట్టలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫిజీ దీవుల్లో క్రైస్తవ సంఘం పెరిగిన తీరు గురించి వచ్చిన వ్యాసం చదివాను. రాత బాగుంది గానీ అందులో మొదటినుంచి చివరిదాకా దొరలే, అంటే తెల్ల మిషనరీలే. దొరలు ఓడ దిగారు, దొరలు బోధించారు, నరమాంసం తినేవాళ్లు మోకాళ్లూనారు. అంతేనా కథ?

1835లో క్రాస్, కార్గిల్ అనే ఇద్దరు మెథడిస్టు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) మిషనరీలు ఫిజీలోని లకెంబా దీవిలో దిగిన మాట నిజమే. కానీ అంతకు ఐదేళ్ల ముందే పసిఫిక్‌లోనే ఉన్న తాహితీ దీవి నుంచి వచ్చిన ఉపదేశులు, అంటే దొరలు కాని బోధకులు, ఆ పక్కనే ఒనేయాటా దీవిలో ఉన్నారు. పైగా ఈ దొరలు వచ్చింది ఫిజీ పొరుగు దీవుల రాజ్యం టోంగా నుంచి, వాళ్ల వెంట జోసువా మతెయినానియు అనే ఫిజీ మనిషి ఉన్నాడు, టోంగాలో ఉండగా విశ్వాసి అయినవాడు. ఆ తర్వాత టోంగా నుంచే వచ్చిన జోయెలి బులు చచ్చేదాకా ఫిజీలోనే పనిచేశాడు. అసలు అక్కడ క్రైస్తవ ఆరాధనకి వాడే ‘లోతు’ అనే మాట కూడా టోంగాదే. బౌ దీవి రాజు థకొంబౌ దొరలు ఏళ్ల తరబడి చెప్పినా కదల్లేదు, 1854లో టోంగా రాజు జార్జి టుపౌ నుంచి ఉత్తరం వచ్చాక లోతు ఒప్పుకున్నాడు, మరుసటి ఏడాది యుద్ధంలో ఆ టోంగా సైన్యమే వచ్చి అతన్ని గెలిపించింది. రాజు వెనకాలే జనం. ఇందులో భక్తీ ఉంది, రాజకీయమూ ఉంది, ఆ మాట రాయడానికి మొహమాటం దేనికి?

బేకర్ అనే మిషనరీ దొరకైతే మీరు అర పేజీ ఇచ్చారు. 1867లో కొండల్లోని ఊళ్లో ఆయన్ని చంపడం, నాయకుడి తలలో దువ్వెన ముట్టుకున్నాడనే కథ, సువా మ్యూజియంలో ఉన్న ఆయన బూటు అడుగు, 2003లో ఆ ఊరివాళ్లు ఆయన వారసుల్ని పిలిపించి క్షమాపణ అడగడం, అన్నీ వచ్చాయి. ఆయనతో పాటే నరికేసిన ఫిజీ సహచరుల గురించి ఒక్క ముక్క లేదు!

నాకింత ఉక్రోషం ఎందుకంటే మా అవ్వ వాళ్ల నాయన పలమనేరు పక్క పల్లెల్లో ఉపదేశి. బడి చెప్పిందీ, జ్వరమొస్తే పక్కన కూచుందీ, పీనుగుల్ని మోసిందీ ఆయన. గుడి గోడ మీద రాతిపలకలో మాత్రం దొర పేరు, దొరసాని పేరు. కాబట్టి ఆ వ్యాసం చదువుతుంటే కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఫిజీ సంఘం ఎంత గట్టిదో తెలియాలంటే 1875 చూడాలి. ఆ ఏడాది తట్టు సోకి దాదాపు 40,000 మంది పోయారు, ఇంటికొక శవం అన్నట్టుంది పరిస్థితి, అయినా ఆ ఏడాదే ఫిజీ ఉపదేశులు కొందరు న్యూగినీ పక్కనున్న న్యూ బ్రిటన్ దీవులకి బయల్దేరారు. అక్కడ ప్రాణాలకి గ్యారంటీ లేదని బ్రిటిషు అధికారులు ముందే చెప్పినా పెళ్లాంబిడ్డలతో ఓడెక్కారు. మూడేళ్లకి వాళ్లలో నలుగుర్ని చంపేశారు. నా లెక్కలో సంఘం పెరగడమంటే ఇది.

ఇక మనవాళ్ల సంగతి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకి గిర్మిట్ (ఒప్పందం) కూలీలుగా వెళ్లినవాళ్లలో నార్త్ ఆర్కాట్ జిల్లావాళ్లు చాలామంది. అప్పుడు ఆ జిల్లాకి కచేరీ మన చిత్తూరే, 1911లో గదా మనకి వేరే జిల్లా అయింది. వీళ్లలో మాత్రం లోతు పెద్దగా అంటుకోలేదు. హన్నా డడ్లీ అనే ఆవిడ 1897లో వచ్చి కూలీల పిల్లలకి బడి పెట్టింది, మంచి మనిషే, కానీ ఆవిడ మాట్లాడేది హిందుస్తానీ. మనవాళ్లకి తెలుగు, అరవం తప్ప ఏం వచ్చు? తోటలో దెబ్బలు తింటూ హిందీ నేర్చుకున్నారు పాపం. టోంగా వాడు ఫిజీ వాడికి చుట్టం లాంటివాడు, మనవాళ్లకి అలా చెప్పే సొంత మనిషి లేడు. 2007 జనాభా లెక్కల్లో అక్కడ క్రైస్తవులు వందకి 64 మంది, హిందువులు 28, ఆ తేడా ఎక్కడ మొదలైందో మీ వ్యాసకర్త అడగనే లేదు. 1987లో సైన్యంతో ఫిజీ ప్రభుత్వాన్ని కూలదోసిన సైనికాధికారి రబూకా మెథడిస్టు బోధకుడేనని, ఆదివారం అందరూ పని మానాలని చట్టం తెచ్చాక భారతీయులు ఎంత ఇబ్బంది పడ్డారో కూడా వదిలేశారు. సంఘం పెరిగిందని రాసేటప్పుడు దాని నీడ ఎవరిమీద పడిందో రాయొద్దా?

ఒక మనవి. గిర్మిట్ కూలీకి ఇచ్చిన పాసులో పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాసి ఉంటాయి. మీ విలేకరుల్ని చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు పంపండి. తాతల కాలంలో ‘తీవుల దేశం’ పోయి తిరిగి రాని మనిషి మాట ఇంకా చెప్పుకునే ఇల్లు ఒక్కటైనా దొరక్కపోదు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
చిత్తూరు