కొవ్వాడ రియాక్టర్లను తనిఖీ చేసేదెవరు?

సంపాదకుల వారికి,

మా జిల్లాలో పెట్టబోయే కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం మాట ఎత్తితే చాలు, చర్చంతా పరిహారం, పునరావాస కాలనీలు, ఉద్యోగాల చుట్టూనే తిరుగుతోంది. అవి ముఖ్యమే, కాదనను. కానీ ఒక్కోటీ 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెడతామంటున్నప్పుడు, రేపు వాటిలో లోపముంటే పట్టుకునేదెవరు, పట్టుకున్నాక మనకు చెప్పేదెవరు అని కూడా అడగాలి కదా!

1995లో గోపాలకృష్ణన్ అధ్యక్షుడిగా ఉండగా, అణు కేంద్రాల భద్రతను పర్యవేక్షించే అణుశక్తి నియంత్రణ బోర్డు మన అణు కేంద్రాల్లో 130 దాకా భద్రతా సమస్యలు గుర్తించి నివేదిక తయారుచేసింది. దాన్ని బయటపెట్టమని పౌరహక్కుల సంఘం కోర్టుకెక్కితే, సమాచారాన్ని గోప్యంగా ఉంచే వీలిచ్చే 1962 నాటి అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ చూపించి ప్రభుత్వం కుదరదంది. 2004లో సుప్రీంకోర్టులోనూ ఆ వాదనే నెగ్గింది. అన్నీ సరిచేశారనే అనుకుందాం. ఏవి, ఎప్పుడు సరిచేశారో ఆ పక్క ఊళ్ల వాళ్లకు చెబితే వచ్చే నష్టమేమిటి? ఇక అణు భద్రతా నిబంధనల విషయంలో కొన్ని ఉల్లంఘనలకు అప్పట్లో గరిష్ఠ జరిమానా 500 రూపాయలేనని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2012లో తేల్చింది. హెల్మెట్ లేకుండా దొరికితే మనం కట్టేది అంతకంటే ఎక్కువ!

ఈ విషయంలో అమెరికాను చూడండి. అక్కడా అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. ఒహాయోలోని డేవిస్-బెస్సీ రియాక్టర్ పైమూత మీద, చల్లబరిచే నీటితో పాటు లీకైన బోరిక్ యాసిడ్ పేరుకుపోయి, ఆరంగుళాల పైచిలుకు మందమున్న ఉక్కును తినేసింది. ఆ చోట చివరికి అడ్డుగా మిగిలింది అరంగుళం కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీల్ పొర. 2001 చివరికల్లా ఆ రియాక్టర్‌ను ఆపించాలని అక్కడి అణు నియంత్రణ సంస్థ సిబ్బంది ఆదేశం కూడా సిద్ధం చేశారు. తీరా పై అధికారులు 2002 ఫిబ్రవరి దాకా నడపనిచ్చారు. ఈ సంగతంతా మనకు తెలిసిందంటే, ఆ సంస్థ సొంత విజిలెన్స్ విభాగమే విచారణ జరిపి నివేదికను జనం ముందు పెట్టబట్టే.

గత డిసెంబరులో, అంటే 2025లో, వచ్చిన కొత్త చట్టం మన బోర్డుకు చట్టబద్ధత ఇచ్చింది. సంతోషం. ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచింది. సమాచారాన్ని గోప్యమని ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంచింది. లాభం కోసం నడిపేవాళ్లు వస్తున్నప్పుడు తనిఖీ ఇంకా బాహాటంగా జరగాలి గానీ, ఇదేం లెక్క?

కొవ్వాడలో పునాది పడకముందే మా ఎంపీ పార్లమెంటులో ఒక హామీ రాబట్టాలి. బోర్డు చేసే ప్రతి తనిఖీ నివేదికనూ తెలుగులో, కొవ్వాడ ఉన్న రణస్థలం మండల కార్యాలయంలో పెట్టాలి. బందోబస్తు వివరాలు తీసేస్తే తీసేయండి. లోపాలేమిటో, వాటిని సరిచేయడానికి గడువెంతో మాత్రం ఉండాలి.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా